ఫార్మాట్ కొట్టించే ముందు: డెల్టా కౌంటర్ల మీద విండోస్, లినక్స్ లెక్క

ఆకివీడు, ఉండి చుట్టుపక్కల రొయ్యల మేత అమ్మే దుకాణాల్లో కౌంటరు మీది సరంజామా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ ఒకటి. దాని పక్కన కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు. బల్ల కింద కరెంటు పోయినప్పుడల్లా కీచుమనే యూపీఎస్. తెర మీద ట్యాలీ. ఈ మధ్య ఆ తెర మీద అప్పుడప్పుడు ఇంకో పెట్టె కూడా లేస్తోంది, విండోస్ 10కి సపోర్టు అయిపోయిందని. దాన్ని మూసేసి బిల్లు కొట్టుకోవడం అలవాటైపోయింది.

ఆ పెట్టె చెప్పేది మాత్రం నిజమే. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకి ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, పేరు నమోదు చేసుకుంటే అప్‌డేట్లు ఇస్తామంది. సంస్థలకు మూడేళ్ల వరకు అవకాశం ఉంది కానీ డబ్బు కట్టాలి, ఆ రేటు ఏటికేడు రెట్టింపవుతుంది. పోనీ విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, సిస్టమ్ లేచేటప్పుడే దొంగ ప్రోగ్రాములను ఆపే సెక్యూర్ బూట్ ఉండాలి, ఇంటెల్ అయితే ప్రాసెసరు ఎనిమిదో తరమో ఆ పైదో అయ్యుండాలి. మన మేతల దుకాణం ఐ3 ఆ గడప దగ్గరే ఆగిపోతుంది. సిస్టమ్ పాడైందా అంటే లేదు, బిల్లులు నిక్షేపంగా కొడుతోంది.

ఇక్కడ కాగితం మీద మూడు దారులు కనిపిస్తాయి. కొత్త సిస్టమ్ కొనడం, ఉన్నదాంతోనే లాగించడం, విండోస్ తీసేసి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం. ఊళ్లో మాత్రం నాలుగోదే ముందు వినపడుతుంది. “మొత్తం ఫార్మాట్ కొట్టి పదకొండు ఎక్కించేస్తానండి, ఐదొందలిచ్చేయండి, సాయంత్రానికల్లా రెడీ” అంటాడు సర్వీసు కుర్రాడు. చిప్పు ఉందా లేదా అని చూసే తనిఖీని దాటించే కిటుకు, లైసెన్సు అడగకుండా నోరు మూయించే క్రాకు, రెండూ అతని పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి.

ఓపెన్ సోర్స్ (రాసిన కోడు అందరికీ తెరిచి ఉండేది) మంచిదా, కమర్షియల్ మంచిదా అని వాదించుకునేవాళ్లు ఈ నాలుగో దారిని లెక్కలోకి తీసుకోరు. డెల్టాలో లినక్స్‌కీ, డబ్బు పెట్టి కొన్న విండోస్‌కీ అసలు పోటీ దొంగ విండోస్‌తోనే. “విండోస్ ఫ్రీయేగా, లినక్స్ ఎందుకు?” అని నవ్వుతూ అడిగేవాళ్లకు జవాబు చెప్పకుండా మిగతా చర్చంతా గాలి కబురే.

ఆ జవాబు 2017లో దొరికింది. ఆ ఏడాది మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, బిట్‌కాయిన్లలో డబ్బు కడితే తీస్తానంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని మిషన్లే దొరికిపోయాయి. క్రాకు కొట్టిన విండోస్‌లో చాలాసార్లు ఆ అప్‌డేట్లను ఆపేస్తారు, లేకపోతే క్రాకు ఎక్కడ ఊడిపోతుందోనని. పైగా ఆ క్రాకు ఫైలును ఎక్కించాలంటే యాంటీవైరస్‌ను మన చేత్తోనే కట్టేయాలి. ముక్కూ మొహం తెలియనివాడు రాసిన ప్రోగ్రాముకు ఇంటి తాళాలన్నీ ఇచ్చి, నాలుగేళ్ల రైతుల ఖాతాలు, బాకీలు ఉన్న ట్యాలీ డేటాను అదే ఇంట్లో పెట్టడమన్నమాట. ఐదొందల రూపాయల బేరంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కాబట్టి దొంగ కాపీని పక్కన పెట్టేద్దాం. మిగిలిన రెండింటి తేడా డెల్టాలో కౌలు భాషలో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. విండోస్ కొన్నామంటే సాఫ్ట్‌వేర్ మనదైనట్టు కాదు, వాడుకునే హక్కు దొరికినట్టు. కౌలు చేలో వరి వేసుకోవచ్చు, దాళ్వాకి దాళ్వా, సార్వాకి సార్వా. గట్టు కొట్టి చెరువు తవ్వుతానంటే మాత్రం ఆసామి ఊరుకోడు. ఇందులోనూ తేడాలున్నాయి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సు ఆ మదర్‌బోర్డుతోనే పోతుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును పాత సిస్టమ్ నుంచి తీసి కొత్తదానికి పెట్టుకోవచ్చు. దాని ఖరీదు విండోస్ 11 హోమ్‌కి సుమారు పది వేలు. ఆన్‌లైన్‌లో మూడొందలకీ ఐదొందలకీ దొరికే ‘ఒరిజినల్ కీ’ల మీద ఆశ పెట్టుకోకపోవడం మేలు. అలాంటివి ఎక్కడో వేరే సంస్థ పేరు మీద తీసుకున్నవైతే ఏదో ఒక రోజు చెల్లకుండా పోతాయి.

లినక్స్ కథ వేరు. అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రాశాడు. జీపీఎల్ అనే లైసెన్సు కింద ఆ రెండూ కలిశాయి. ఇక్కడ చెరువు తవ్వుకోవచ్చు, గట్టు మార్చుకోవచ్చు, విత్తనం పక్క రైతుకు ఇచ్చుకోవచ్చు. మార్చినదాన్ని నలుగురికీ పంచితే మాత్రం ఆ మార్పు ఎలా చేశావో కూడా చూపించాలి. ఇంగ్లిషులో ఫ్రీ అన్న ఒక్క మాట తెచ్చే తికమక తెలుగులో లేదు. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. తెలుగువాళ్లలో ఈ పని భుజాన వేసుకున్న సంస్థ పేరు కూడా స్వేచ్ఛే. అయితే సొంత చేనుకు గండి పడితే కట్టుకోవాల్సింది సొంతదారే, ఆసామి మీద నెట్టేయడానికి ఉండదు.

ఓపెన్ సోర్స్ అంటే కంపెనీలు లేని లోకమనీ, మాట తప్పడమన్నది అక్కడ ఉండదనీ అనుకోవడం కూడా పొరపాటే. రెడ్ హ్యాట్ లినక్స్ అచ్చమైన ఓపెన్ సోర్స్, అచ్చమైన వ్యాపారం కూడా. ఐబీఎం ఆ కంపెనీని 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. రెడ్ హ్యాట్‌కు ఉచిత రూపంగా ఉన్న సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా సపోర్టు ఉంటుందనుకుని సర్వర్లు కట్టుకున్నవాళ్లకు 2020 డిసెంబరులో చల్లగా కబురు పంపారు, 2021 చివరితో సరి అని. సోర్సు బయటే ఉంది కాబట్టి ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ నెలల్లోనే పుట్టుకొచ్చాయి, జనం అటు సర్దుకున్నారు. మూసిన సోర్సు విషయంలో ఆ సర్దుబాటుకు తావు లేదు. విండోస్ 10ను ఎవరూ ఎత్తుకుని నడపలేరు.

భద్రత గురించి కూడా రెండు వైపులా గొప్పలు ఎక్కువే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రాములో ఎవరో రెండేళ్లపాటు నమ్మకంగా పనిచేసి, చివరికి దొంగ తలుపు పెట్టారు. అది లినక్స్ సర్వర్లన్నిటికీ పాకేలోపే ఆండ్రెస్ ఫ్రాయిండ్ పట్టేసుకున్నాడు. రిమోట్ లాగిన్ మామూలు కంటే అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోతే బయటపడింది. ఆయన ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో, అదీ తమాషా. అదే ఏడాది జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క చెడ్డ అప్‌డేట్‌కు 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి, విమానాలు ఆగిపోయాయి. సోర్సు తెరిచి ఉంటే చూసే కళ్లు ఉండే అవకాశం ఉంది. ఉన్నాయన్న హామీ మాత్రం లేదు.

ఇంతకీ మేతల దుకాణం కౌంటరు దగ్గర తేల్చేవి ఈ పెద్ద సంగతులేమీ కావు. సిస్టమ్ వెనకాల గుచ్చి ఉన్న తీగలే తేలుస్తాయి.

ముందు ఆ ప్రింటరునే చూద్దాం. ఎల్‌బీపీ 2900 మన జెరాక్స్ షాపుల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో పాతుకుపోయిన మిషన్. కార్ట్రిడ్జ్ నింపించుకుంటూ పదిహేనేళ్లు నడిపినవాళ్లున్నారు. కానీ దానిది క్యాప్ట్ అనే కెనాన్ సొంత పద్ధతి. పేజీని తయారుచేసే పని ప్రింటరు కాకుండా కంప్యూటరు చేయాలి, అందుకు ప్రత్యేకమైన డ్రైవరు ఉండాలి. లినక్స్‌కు డ్రైవరు లేదని కాదు, ఉంది. అయితే పాతబడిపోయింది, ఎక్కించి కుదుర్చుకోవడానికి చేయి తిరిగినవాడు కావాలి. అదే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే హెచ్‌పీ వాళ్ల హెచ్‌ప్లిప్ ప్లగిన్ ఒకటి వేస్తే సరిపోతుంది. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంకు ట్యాంకు ప్రింటర్లకీ పెద్ద పేచీ లేదు. లినక్స్ వద్దనడానికి లినక్స్‌తో సంబంధం లేని ఒక ప్రింటరు కారణమైతే, దాన్ని లినక్స్ ఖాతాలో రాయడం అన్యాయమే. కానీ వరుసలో రైతు నిలబడి ఉన్నప్పుడు న్యాయాన్యాయాలు ఎవరికి కావాలి, బిల్లు రావాలి అంతే.

రెండోది ట్యాలీ. అది విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము. లినక్స్ మీద వైన్ అనే పొరతో నడిపేవాళ్లు లేకపోలేదు కానీ, రేపు డేటా తేడా చేస్తే ట్యాలీ కంపెనీని అడిగే దారి ఉండదు. ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి ఓపెన్ సోర్స్ లెక్కల ప్రోగ్రాములు మన దేశంలోనే పుట్టాయి, పనితనంలో తీసిపోయేవి కావు. అయినా నెలాఖరుకు ఆడిటరు గారు “ట్యాలీ డేటా పంపండి” అంటారు, అక్కడితో ఆ చర్చ ముగుస్తుంది. జీఎస్టీ రిటర్నుల ఆఫ్‌లైన్ టూల్ కూడా విండోస్‌దే. పోర్టల్ మాత్రం బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి నేరుగా అక్కడే నింపుకునేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. డిజిటల్ సంతకం డాంగిల్ (పెన్‌డ్రైవ్‌లా గుచ్చే పరికరం) దగ్గర మరో మెలిక ఉంది. డాంగిల్ డ్రైవరు, సంతకం పెట్టించే చిన్న ప్రోగ్రాము, పోర్టల్ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లు ఓటీపీతో రిటర్ను వేసుకోవచ్చు, డాంగిల్ తప్పనిసరి కాదు. కంపెనీలకు, ఎల్ఎల్‌పీలకు తప్పదు. రైస్ మిల్లు కాటా దగ్గరైతే బరువు చదివే ప్రోగ్రాము కాటా అమ్మినవాళ్లు ఇచ్చిందే ఉంటుంది, అది విండోస్‌కే రాసి ఉంటే ఇక మాట్లాడేదేమీ లేదు.

మూడోది, అన్నిటికన్నా లోతైనది, అక్షరం. పాలకొల్లులోనో అమలాపురంలోనో డీటీపీ షాపులోకి తొంగి చూస్తే పేజ్‌మేకర్ 7 ఇంకా నడుస్తూ కనిపిస్తుంది. 2001 నాటి ప్రోగ్రాము అది, అడోబీ ఎప్పుడో వదిలేసింది. దానికి జతగా ‘అను’ అనే తెలుగు ఫాంట్లు. పెళ్లి శుభలేఖలు, సంక్రాంతి ఫ్లెక్సీలు, గుడి కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఇరవై ఏళ్ల పని అంతా అందులోనే ఉంది. ఆ ఫైలు నుంచి నాలుగు లైన్లు కాపీ చేసి, అను లేని సిస్టమ్‌లో పెట్టి చూడండి. తెలుగు ఉండదు, ఇంగ్లిషు అక్షరాలూ కొక్కేలూ కలిసిన గజిబిజి ఉంటుంది. ఎందుకంటే అక్కడ ‘క’ అన్నది ‘క’గా దాచలేదు. ఇంగ్లిషు అక్షరం గదిలో తెలుగు బొమ్మను కూర్చోబెట్టారు. ఆ ఫాంటు తీసేస్తే బొమ్మ లేచిపోతుంది, గది మిగులుతుంది. విండోస్‌కు కట్టేసిందని మనం అనుకునే ముడి నిజానికి విండోస్ వేసింది కాదు. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ రాకముందు మనం వేసుకున్నది, వచ్చాక విప్పుకోనిది.

విప్పుకోవడానికి దారి లేదా అంటే ఉంది. అను రాతను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. టైపింగ్ చేతివాటం పోతుందన్న భయం కూడా అంత అవసరం లేదు. లినక్స్‌లో తెలుగు టైపింగుకు వాడే ఎం17ఎన్ పొదిలో ఇన్‌స్క్రిప్టు కీబోర్డుతో పాటు యాపిల్ కీబోర్డు లేఅవుట్ కూడా ఉంది. డీటీపీ వాళ్ల వేళ్లు ఇన్నాళ్లూ తిరిగిన దారి అదే, ఇప్పుడు అదే దారిలో యూనికోడ్ తెలుగు పడుతుంది. ఫాంట్ల కరువు కూడా తీరింది. సూరన్న, రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ వంటివి ఎవరైనా వాడుకునేలా ఉచిత లైసెన్సు కింద దొరుకుతున్నాయి. ఒక చిన్న చిక్కు మాత్రం డెల్టా వాళ్లకు నవ్వు తెప్పిస్తుంది. విండోస్‌తో ఎక్స్‌పీ కాలం నుంచి వస్తున్న తెలుగు ఫాంటు పేరు గౌతమి, మన గోదావరి పాయ పేరే. ఆ ఫాంటులో చేసిన అర్జీని లినక్స్‌లో తెరిస్తే గౌతమి ఉండదు. దాని స్థానంలో లోహిత్‌నో నోటోనో కూర్చోబెడుతుంది, లైన్లు జరిగి ఒక పేజీ అర్జీ రెండో పేజీకి పొర్లుతుంది. అక్షరాలు మాత్రం చెక్కుచెదరవు, యూనికోడ్ కదా.

ఇక రిపేరు సంగతి. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా శివారు రైతు గొడవ ఒక్కటే, తలకట్టువాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే నాకు నీళ్లు అని. లినక్స్ సాయం కూడా అలాగే పారుతోంది. బెంగళూరు, హైదరాబాదుల్లో పుష్కలం, కాకినాడ, భీమవరం ఇంజినీరింగ్ కాలేజీల దాకా బాగానే వస్తుంది, సఖినేటిపల్లి చేరేసరికి చుక్క ఉండదు. విండోస్ పాడైతే బండేసుకుని వచ్చే కుర్రాళ్లు ప్రతి సెంటర్‌లో ఇద్దరుంటారు. వాళ్లు చేసేది మళ్లీ ఫార్మాట్ కొట్టడమే కావచ్చు, కానీ వస్తారు. లైసెన్సు ఖర్చు మిగిలిందని సంబరపడి లినక్స్ వేసుకున్న ఆఫీసు, ప్రింటరు ఆగిన రోజున రావులపాలెం నుంచి మనిషి రావాలంటే ఆ మిగులు అక్కడే కరిగిపోతుంది. ఫోన్లో చెబుతూ చేయించగలిగిన బంధువుల కుర్రాడు ఒక్కడున్నా లెక్క మారిపోతుంది. ఏ పోలిక పట్టికలోనూ ఈ కుర్రాడి గడి ఉండదు, ఉండాల్సింది మొదటి వరుసలో.

మరి లినక్స్ హాయిగా కూర్చునే చోటు ఏది? పనంతా బ్రౌజర్‌లోనే జరిగే బల్ల. పంచాయతీ గ్రంథాలయం, బడి ల్యాబు, పదో తరగతి పిల్లవాడున్న ఇంట్లో అటక మీద పడున్న పాత ల్యాప్‌టాప్, నర్సరీల్లో ఆర్డర్లు వాట్సాప్ వెబ్‌లో చూసుకునే సిస్టమ్. కడియం వైపు అలాంటి బల్లలు తక్కువేమీ కాదు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఉబుంటు అనే లినక్స్ రకం మీద తయారుచేసిన సొంత లినక్స్‌తోనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వం కూడా తన ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌కు మొగ్గు చూపాలని 2015లో విధానం ప్రకటించింది. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ మీద లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం చక్కగా నడుస్తుంది. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే పాత సిస్టమ్ అని చెప్పినా ఎవరూ నమ్మరు. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టు ఉండే రకం) ఒక్కోదానికి ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. సొంతానికి వాడుకునేవాళ్లు ఐదు మిషన్ల వరకు ఉబుంటు ప్రో ఉచితంగా తీసుకుంటే ఆ గడువు పదేళ్లవుతుంది. లినక్స్ మనకు కొత్త అనేవాళ్లు జేబులోకి ఒకసారి చూసుకుంటే చాలు. రొయ్య కౌంటు రేటు చూసుకునే ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది లినక్స్ కెర్నలే, పైన గూగుల్ వ్యాపారం పరుచుకుంది అంతే.

మేతల దుకాణానికి వస్తే, ట్యాలీ ఉన్న ఆ ఒక్క సిస్టమ్‌కు విండోస్ 11 ఉన్న మిషన్ కొనడమే తెలివి, సెకండ్ హ్యాండ్ అయినా ఎనిమిదో తరం దాటినదై, ఒరిజినల్ లైసెన్సుతో ఉంటే చాలు. పాత ఐ3ని పారేయనక్కర్లేదు. లినక్స్ వేసి గోడౌన్‌లో స్టాకు చూసుకోవడానికో, ఇంట్లో పిల్లలకో ఇచ్చేయొచ్చు. ఆఫీసంతా ఇటో అటో ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. డీటీపీ షాపు మాత్రం ఓఎస్ మార్చే ముందు అక్షరం మార్చుకోవాలి. పాతవాటికి పాత సిస్టమ్‌ను నెట్ తీసేసి ఉంచుకుని, కొత్త పని ఈ సంక్రాంతి నుంచే యూనికోడ్‌లో మొదలుపెట్టినా రెండేళ్లలో ముడి దానంతటదే వదులవుతుంది.

మార్చడానికీ ఒక అదను ఉంది. నెలలో 20వ తేదీ లోపు, రిటర్నుల హడావుడిలో, ధాన్యం కొనుగోళ్లు నడిచే రోజుల్లో సిస్టమ్ జోలికి పోకూడదు. కాలువలు కట్టేసి పూడికలు తీసే ఎండాకాలం ఇలాంటి పనులకు కూడా అనువైనదే. ట్యాలీ డేటా, ఫొటోలు, ఫాంట్లు బయటి డిస్కులోకి తీసుకోవాలి, తీసుకున్నవి వేరే సిస్టమ్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. ల్యాప్‌టాప్ విండోస్ 11ది అయితే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందా అని చూసి కాగితం మీద రాసుకోవాలి. అది లేకుండా బూటు సెట్టింగులు కదిపితే సొంత డిస్కే తలుపు తీయదు.

అన్నిటికంటే ముందు, ఫార్మాట్ కొట్టించకుండానే లినక్స్ రుచి చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, దాని మీద నుంచే సిస్టమ్ తెరిస్తే లోపలి విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. వైఫై పట్టుకుందా, ప్రింటరు నుంచి టెస్టు పేజీ వచ్చిందా, డాంగిల్‌ను గుర్తుపట్టిందా, నిరుటి ఎక్సెల్ ఫైలు లిబ్రాఫీసు అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాములో వంకర పోకుండా తెరుచుకుందా. అరగంట పని. ఆ అరగంటలో ప్రింటరు మొండికేస్తే మొండికేసిందని అక్కడే తెలిసిపోతుంది, పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని మళ్లీ బిల్లులు కొట్టుకోవచ్చు.